పారిస్ నుంచి బోయిన్‌పల్లి దాకా ఒక అంకె

పది గుంతలున్న చెక్క పలక. ఒక్కో గుంతలో సరిగ్గా ఒదిగే చెక్కముక్క: గుండ్రం, చదరం, త్రికోణం, నక్షత్రం, అర్ధవృత్తం, ప్లస్ గుర్తు, ఇలా పది ఆకారాలు. ముక్కలన్నీ బయటికి తీసి పిల్లల ముందు మూడు దొంతరలుగా పెడతారు. "ఎంత తొందరగా పెట్టగలవో పెట్టు నాన్నా" అని చెప్పి స్టాప్‌వాచ్ నొక్కుతారు. మూడుసార్లు చేయించి, వాటిలో తక్కువ పట్టిన సమయాన్ని పట్టికలో చూస్తే పిల్లల 'మానసిక వయసు', అంటే ఏ వయసు పిల్లలు చేసేంత చెయ్యగలరో, తేలుతుంది. దీన్ని సెగ్విన్ ఫామ్ బోర్డు అంటారు. హైదరాబాదులో ఎదుగుదల ఆలస్యమైన పిల్లల్ని చూసే సెంటర్లలో ఏదో ఒక బీరువాలో ఇది ఉంటుంది. నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. సికింద్రాబాద్ వైపు ఇలాంటి సెంటర్లలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఈ పలక ఎక్కడి నుంచి వచ్చిందో మాకు శిక్షణలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. ఆ కథ పూర్తిగా తెలుసుకున్నాక, నేను రోజూ వాడే మాటల్లో సగం మీద నా అభిప్రాయం మారింది. దాని గురించే ఈ వ్యాసం.

ఎడ్వర్డ్ సెగ్విన్ 1812లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. మాటలు రాని, చెప్పింది అందుకోలేని పిల్లల్ని ఆ కాలంలో పిచ్చాసుపత్రుల్లో ఓ మూల ఉంచేవాళ్లు. వాళ్లకు చదువు చెప్పడం వృథా అన్నది పెద్ద పెద్ద డాక్టర్ల మాట. సెగ్విన్ ఒప్పుకోలేదు. చేతికీ కంటికీ పని పెట్టి, ముట్టుకుని తేడా పట్టుకునేలా చేసి, అక్కణ్నించి మెల్లగా మాట దాకా, లెక్క దాకా తీసుకెళ్లవచ్చని పారిస్‌లో చేసి చూపించాడు. 1850 ప్రాంతంలో అమెరికా వెళ్లిపోయి అక్కడా అదే పని చేశాడు, 1880లో పోయాడు. ఆకారాల పలకలు ఆయన దగ్గర నేర్పే సామాను. పిల్ల తప్పు పెడితే చెయ్యి పట్టుకుని సరైన గుంత దగ్గరికి తీసుకెళ్లడానికి పెట్టుకున్న సామాను.

ఆయన పోయిన ముప్పై ఏళ్ల తర్వాత, 1912లో, అమెరికాలోని న్యూజెర్సీలో హెన్రీ గొడార్డ్ అనే మనస్తత్వవేత్త ఆ పలకను తెలివి కొలిచే సాధనంగా ప్రతిపాదిస్తూ పత్రం రాశాడు. పలక అదే, ముక్కలు అవే. పక్కకి గడియారం వచ్చింది, చెయ్యి పట్టుకోవడం పోయింది.

ఇంకో దారి కూడా ఉంది. ఇటలీలో మరియా మాంటిస్సోరి సెగ్విన్ రచనల్ని తన చేత్తో ఇటాలియన్‌లోకి రాసుకుని మరీ చదివింది. ఆమె బళ్లలో కనిపించే చెక్క సామానుకు మూలం అక్కడుంది. 1939లో ఆమె మద్రాసు అడయార్‌కి వచ్చింది. యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయి వందలాది టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఇవాళ మారేడ్‌పల్లిలోనో మణికొండలోనో మాంటిస్సోరి బోర్డు పెట్టుకున్న బడిలో నాలుగేళ్ల పిల్ల చెక్కముక్కను గుంతలో పెడుతుంటే ఎవరూ టైం చూడరు. కుదరకపోతే తీసి మళ్లీ పెడుతుంది, కుదిరేదాకా అది ఆమె పని. అక్కడికి కాస్త దూరంలో ఇంకో సెంటర్‌లో అదే వయసు పిల్లకు అలాంటి ముక్కే ఇచ్చి సెకన్లు లెక్కపెడతారు. ఒకచోట అడుగుతున్నది 'ఏం చేస్తే ఈ పిల్లకు వస్తుంది' అని. రెండోచోట అడుగుతున్నది 'ఈ పిల్ల ఎంత' అని. మనసు గురించిన శాస్త్రం ఈ రెండో ప్రశ్నకు అలవాటు పడిపోయిందనీ, ఆ అలవాటు సైన్సు వల్ల కన్నా ఆఫీసుల అవసరం వల్ల వచ్చిందనీ నేను గట్టిగా నమ్ముతున్నాను.

పోల్చడానికి మన ఊళ్లోనే మంచి ఉదాహరణ ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. రాస్ పుట్టకముందూ ఆ క్రిమి ఉంది, మైక్రోస్కోపు లేకపోయినా ఉంది. ఒక పిల్లవాడి ఐక్యూ, అంటే తెలివిని చూపే అంకె, 62 అన్నప్పుడు ఆ 62 అలాంటిది కాదు. ఒక పరీక్ష, దాన్ని ముందుగా రాసిన కొన్ని వందల మంది పిల్లలు, ఒక సూత్రం, అడిగినవాళ్ల భాష, ఆ పూట పిల్లవాడి నిద్ర, ఇన్ని కలిస్తే 62 వచ్చింది. పన్నెండేళ్లొచ్చినా పిల్లవాడు చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, చిల్లర లెక్క తేలకపోవడం మాత్రం పరీక్ష పుట్టించిన విషయాలు కావు. అవి ఇంట్లో అమ్మకు రోజూ తెలుసు. ఈ రెంటినీ వేరుగా పట్టుకోవాలి. ఈమధ్య కొందరు 'ఇవన్నీ సమాజం కల్పించినవే, అసలు సమస్యే లేదు' అంటున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. కష్టం నిజం. దాన్ని ఒక గీత మీద ఒక అంకెగా చూపించడం మాత్రం ఎవరో, ఎప్పుడో, ఏదో పని కోసం చేసిన ఏర్పాటు.

మనసు శాస్త్రంలో ఇలా వచ్చి, ఊళ్లేలి, పోయిన భావనలు చాలా ఉన్నాయి. 1869లో న్యూయార్క్ డాక్టరు జార్జ్ బియర్డ్ 'న్యూరస్తీనియా' గురించి రాశాడు. రైళ్లు, టెలిగ్రాఫ్, నగర జీవితం నరాల్లోని శక్తిని ఖర్చు చేసేస్తున్నాయని ఆయన సిద్ధాంతం. ప్రపంచమంతా దాన్ని నమ్మింది. 1980లో అమెరికన్ సైకియాట్రీ తన జబ్బుల పుస్తకం నుంచి దాన్ని తీసేసింది. మన దగ్గర 'నరాల బలహీనత' ఇంకా గోడల మీద, బస్టాండు పోస్టర్ల మీద బతికే ఉంది. శాస్త్రం వదిలేసినంత మాత్రాన ఒక భావన జనం నుంచి వెళ్లిపోదు. ఐక్యూ సంగతి ఇంకా బరువైనది, ఎందుకంటే దాన్ని శాస్త్రం వదల్లేదు, చట్టం కూడా పట్టుకుంది.

మొదటి నుంచి చెబుతాను. 1880ల మొదట్లో ఫ్రాన్స్‌లో నిర్బంధ ప్రాథమిక విద్య వచ్చింది. అంతకుముందు బడికే రాని పిల్లలంతా తరగతిలోకి వచ్చారు. వాళ్లలో కొందరు పాఠం అందుకోలేకపోయారు. వాళ్లనేం చెయ్యాలో తేల్చమని 1904లో విద్యాశాఖ ఒక కమిషన్ వేసింది. అందులో సభ్యుడైన ఆల్‌ఫ్రెడ్ బినే, యువ డాక్టరు థియోడర్ సిమోన్ కలిసి 1905లో 30 చిన్న చిన్న పనులతో ఒక పరీక్ష తయారుచేశారు. టీచరు ఇష్టాయిష్టాలను బట్టి పిల్లల్ని బడి నుంచి గెంటెయ్యకుండా, ఎవరికి అదనంగా సాయం కావాలో తెలుసుకోవడానికి. చాలా సదుద్దేశం. బినే తన పరీక్ష గురించి ఎంత జాగ్రత్తగా రాశాడో చదివితే ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. పొడవును కొలిచినట్టు తెలివిని కొలవలేమని 1905లోనే రాశాడు. తెలివి జీవితాంతం మారని కొలత అనేవాళ్లది క్రూరమైన నిరాశావాదమనీ, దాన్ని ఎదిరించాలనీ 1909లో రాశాడు. శ్రద్ధ, జ్ఞాపకం, నిదానం పెంచడానికి పిల్లలతో చేయించే కసరత్తులు కూడా తయారుచేశాడు. 1911లో, 54 ఏళ్లకే చనిపోయాడు.

ఆ మరుసటి ఏడు జర్మనీలో విలియం స్టెర్న్ మానసిక వయసును అసలు వయసుతో భాగించాలన్నాడు. 1916లో స్టాన్‌ఫర్డ్‌లో లూయిస్ టెర్మన్ దాన్ని నూటితో గుణించాడు. అదే ఐక్యూ. బినే బతికుంటే ఒప్పుకునేవాడా అంటే నాకు అనుమానమే. మానసిక వయసు 'ఇప్పుడు ఎక్కడున్నాడు' అని చెప్పే మాట. దాన్ని భాగించి గుణిస్తే పిల్లవాడితో పాటు ఎప్పుడూ ఉండే ఒక లక్షణంలా కనబడటం మొదలైంది.

బినే పరీక్షను అమెరికాకు తీసుకెళ్లినవాడు గొడార్డే, 1908లో. న్యూజెర్సీలో వైన్‌ల్యాండ్ అనే ఊళ్లో మందబుద్ధి పిల్లల శిక్షణాలయంలో పరిశోధన విభాగానికి ఆయన అధిపతి. చూడటానికి మామూలుగా ఉండి, మానసిక వయసు 8 నుంచి 12 మధ్య తేలినవాళ్ల కోసం 1910లో 'మోరాన్' అనే కొత్త వర్గం పెట్టాడు. ఇది వంశపారంపర్యమనీ, వీళ్లను పిల్లలు కననివ్వకూడదనీ ప్రచారం చేశాడు. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగాక దాదాపు 17 లక్షల మంది సైనికులకు రాబర్ట్ యెర్కస్ బృందం సామూహికంగా పరీక్ష పెట్టింది. తెల్ల సైనికుల సగటు మానసిక వయసు 13 అని తేలింది. అంటే గొడార్డ్ లెక్కన దేశంలో సగటు పౌరుడు మోరాన్ గీతకు ఒక్క ఏడాది పైన ఉన్నాడు. పరీక్షలోనే ఏదో తేడా ఉందని అనుమానపడాల్సిన చోట చాలామంది జాతి దిగజారిపోతోందని గగ్గోలు పెట్టారు.

1927లో అమెరికా సుప్రీంకోర్టు, వర్జీనియాకు చెందిన కేరీ బక్ అనే యువతికి బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యడం సబబేనని తీర్పిచ్చింది. ఆమెనూ ఆమె తల్లినీ మందబుద్ధులని నిలబెట్టడానికి బినే పరీక్షలో వచ్చిన మానసిక వయసులు వాడారు. మూడో తరానిదీ అదే బుద్ధి అని నెలల పసిగుడ్డును చూసి సాక్ష్యం చెప్పారు. ఆ పాప వివియన్ తర్వాత బళ్లో మంచి మార్కులతో ఆనర్ రోల్‌లో పేరు తెచ్చుకుంది, ఎనిమిదేళ్లకే జబ్బుచేసి పోయింది. ఆ దేశంలో అలాంటి చట్టాల కింద ఆపరేషన్లు జరిగినవాళ్లు 60 వేలకు పైనే. పిల్లలకు సాయం ఎవరికి కావాలో తెలుసుకుందామని పుట్టిన పరీక్ష ఇరవై రెండేళ్లలో ఎక్కడికి చేరిందో చూడండి. గొడార్డ్ 1928 నాటికి తను పొరబడ్డానని చాలావరకు ఒప్పుకున్నాడు. అప్పటికి ఆయన పెట్టిన వర్గాలు ప్రపంచమంతా తిరిగిపోయాయి.

మన దేశానికీ వచ్చాయి. 1920ల్లో లాహోర్ ఫోర్మన్ క్రిస్టియన్ కాలేజీలో హెర్బర్ట్ రైస్ హిందుస్తానీలో బినే పరీక్ష తయారుచేశాడు. 1930ల్లో వి.వి. కామత్ బొంబాయి కర్ణాటక ప్రాంతంలో కన్నడ, మరాఠీ పిల్లల మీద స్టాన్‌ఫర్డ్ పరీక్షను సరిచేశాడు. అది బినే-కామత్ పరీక్షగా ఇప్పటికీ మన క్లినిక్‌లలో వాడుకలో ఉంది. మైసూరులో మనస్తత్వశాస్త్ర శాఖ నడిపిన ఎం.వి. గోపాలస్వామి లండన్‌లో స్పియర్‌మన్ శిష్యుడు. అన్ని తెలివితేటల వెనకా ఒకే సాధారణ శక్తి ఉందని 1904లో ప్రతిపాదించిన స్పియర్‌మన్ ఈయనే. (ఆ గోపాలస్వామే 1935లో మైసూరులో ఇంట్లో నుంచి 'ఆకాశవాణి' పేరుతో రేడియో స్టేషన్ పెట్టిన మనిషి. ఆయన గురించి విడిగా రాయాలి.) గొడార్డ్ పనిచేసిన వైన్‌ల్యాండ్‌లోనే 1930ల్లో ఎడ్గర్ డాల్ 'సామాజిక పరిపక్వత స్కేలు' తయారుచేశాడు. నాగ్‌పూర్‌లో మాలిన్ దాన్ని మన పిల్లలకు సరిచేశాడు. ఇవాళ తెలంగాణలో ఒక తల్లి పిల్లవాణ్ని వైకల్య సర్టిఫికెట్ కోసం క్యాంపుకి తీసుకెళ్తే అడిగే ప్రశ్నలు, తనంతట తాను తింటాడా, బట్టలు వేసుకుంటాడా, వీధి చివరిదాకా ఒక్కడే వెళ్తాడా అన్నవి, అక్కణ్నించి వచ్చినవే.

ఇప్పుడు ఆ తల్లి దగ్గరికి వద్దాం. వికారాబాద్ వైపు నుంచి, నల్లగొండ వైపు నుంచి పొద్దున్నే మొదటి బస్సెక్కి వచ్చేవాళ్లు నన్ను మొదట అడిగేది జబ్బు పేరు కాదు. "పర్సంటేజీ ఎంతొస్తది మేడం? నలబై దాట్తదా?" అని. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యం కనీసం 40 శాతం ఉంటేనే చాలా హక్కులు వర్తిస్తాయి. దాని కింద వచ్చిన మార్గదర్శకాల్లో పరీక్ష స్కోరు 55 నుంచి 69 మధ్య ఉంటే 50 శాతం వైకల్యం. 70 నుంచి 84 మధ్య ఉంటే 25 శాతం. అంటే 69కి పింఛనుంది, 71కి లేదు. రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలైంది. కూలికి పోయే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. ఆ రెండు పాయింట్ల మీద ఇల్లు ఆధారపడి ఉంటుంది.

ఆ 70 గీత ఎక్కడిది? 1961లో అమెరికన్ నిపుణుల సంఘం ఇచ్చిన నిర్వచనం ప్రకారం సగటు కన్నా ఒక ప్రామాణిక విచలనం కిందికి, అంటే దాదాపు 85 కిందికి ఉన్నవాళ్లు కూడా బుద్ధిమాంద్యం వర్గంలో చేరవచ్చు. జనాభాలో ఆరో వంతు. 1973లో అదే సంఘం గీతను రెండు విచలనాలకు, అంటే 70కి జరిపింది. నిన్నటిదాకా లోపమున్నవాళ్లు లక్షల సంఖ్యలో తెల్లారేసరికి మామూలు మనుషులయ్యారు. వాళ్లలో ఏ ఒక్కరి మెదడులోనూ ఆ రాత్రి ఏమీ మారలేదు. మన 70-84 'బోర్డర్‌లైన్' గడి ఆ పాత నిర్వచనం వదిలిపోయిన జాడ.

అంకె సరిగ్గా వస్తుందా అన్నది ఇంకో సంగతి. అది రెండు వైపులా తప్పుతుంది. న్యూజిలాండ్‌కు చెందిన జేమ్స్ ఫ్లిన్ 1980ల్లో చూపించినదాన్ని బట్టి పరీక్షల్లో జనం స్కోర్లు తరం తరానికీ పెరుగుతూ వచ్చాయి. అమెరికాలో పదేళ్లకు సుమారు 3 పాయింట్లు. నెదర్లాండ్స్ సైన్యంలో చేరిన యువకులకు 1952 నుంచి 1982 మధ్య 20 పాయింట్లు పెరిగాయి, అదీ సంస్కృతితో సంబంధం లేదని చెప్పుకునే బొమ్మల పరీక్షలో. కాబట్టి పాత తరం పిల్లలతో పోలిస్తే ఈనాటి పిల్లలకు ఎక్కువ వస్తుంది. పాత ప్రమాణాల పరీక్షలో 74 వచ్చిన పిల్లవాడికి కొత్తదాంట్లో 70 లోపు రావచ్చు. ఏ పరీక్ష పుస్తకం ఆ సెంటర్ బీరువాలో ఉందన్నదాన్ని బట్టి పింఛను నిర్ణయమవుతుంది. ఇది అన్యాయమని చెప్పడానికి మనస్తత్వశాస్త్రంలో డిగ్రీ అక్కర్లేదు.

రెండోవైపు భాష, బతుకు. 1931-32లో అలెగ్జాండర్ లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో బడికి వెళ్లని రైతులకు సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ బొమ్మలు చూపించి 'ఇందులో వేరేది ఏది' అని అడిగాడు. బడికెళ్లినవాళ్లు దుంగ తీసేస్తారు, మిగతావి పనిముట్లు గనక. రైతులు నాలుగూ కలిసే ఉండాలన్నారు. దుంగ లేకపోతే రంపంతో ఏం పని? నార్సింగి దగ్గర కొత్తగా లేస్తున్న టవర్ల పక్కన రేకుల షెడ్లలో పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలుంటాయి. వాళ్ల పిల్లలతో పనిచేసిన రోజుల్లో నేను తరగతి కోసం కార్డులు చేసుకున్నాను: కొడవలి, పార, గొడ్డలి, గడ్డిమోపు. ఒక పాప కొడవలినీ గడ్డిమోపునూ ఒక జత చేసి, మిగతా రెంటినీ పక్కకు తోసింది. ఎందుకని అడిగితే "ఇది దీన్ని కోస్తది కద" అంది, ఇంత తెలియదా అన్నట్టు చూసింది. జవాబు పట్టికలో దానికి సున్నా. వస్తువుల్ని వర్గాలుగా చూడటం బడి నేర్పే అలవాటు. బడి లేని పిల్లకు ఆ అలవాటు లేకపోవడాన్ని తెలివి లేకపోవడంగా రాసేస్తున్నాం. దానికి తోడు పరీక్షలకు చాలాచోట్ల సరైన తెలుగు రూపం చేతికి అందదు, అడిగేవాళ్లే అప్పటికప్పుడు తెలుగు చేసుకుంటారు. ఆ తెలుగు ఎవరి ఇంటి తెలుగు అన్నది పిల్ల భవిష్యత్తులో ఒక అంశమైపోతుంది.

ఇదే ఊళ్లో అంకె కోసం వచ్చే ఇంకో రకం తల్లిదండ్రులున్నారు. కొండాపూర్ నుంచి, గచ్చిబౌలి నుంచి. వాళ్లకు 130 దాటాలి. పిల్లవాడికి ఆరేళ్లు, అప్పుడే ఐఐటీ ఫౌండేషన్ గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. ఈ ఆత్రంలోకే వేలిముద్రల వ్యాపారం దిగింది. వేళ్ల గీతలు స్కాన్ చేసి, పిల్లవాడి మెదడులో ఏ భాగం ఎంత బలమో, ఎలాంటి తెలివి ఎంత శాతమో రంగు రంగుల రిపోర్టు ఇస్తారు. డీఎంఐటీ అంటారు. వేలకు వేలు తీసుకుంటారు. ఇందులో శాస్త్రం లేదు. ఇది కొత్త సంగతి కూడా కాదు. తెలివి వంశాల్లో దిగుతుందని 1869లోనే రాసిన ఫ్రాన్సిస్ గాల్టన్, జాతిని మెరుగుపరచాలనే 'యూజెనిక్స్'కి 1883లో పేరు పెట్టిన ఆ మనిషే, 1892లో వేలిముద్రల మీద పుస్తకం రాశాడు. ముద్రల్లో జాతి, స్వభావం కనిపిస్తాయని ఎంతో ఆశపడ్డాననీ, ఆ ఆశ నిలవలేదనీ అందులో ఒప్పుకున్నాడు. వంశపారంపర్యాన్ని అంత బలంగా నమ్మినవాడే వెతికి, లేదని చెప్పినదాన్ని ఇవాళ మన పిల్లల పేరు మీద అమ్ముతున్నారు. ఒక భావన చరిత్ర తెలియకపోతే ఎంత డబ్బు పోతుందో దీన్ని మించిన నిదర్శనం నాకు కనిపించలేదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది మాత్రం టీచర్ల చదువు. దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో టెట్‌కీ డీఎస్సీకీ చదివేవాళ్లు ఐక్యూ పట్టిక బట్టీ పడతారు. 140 పైన ఒక పేరు, 70 కింద ఒకటి, 50 కింద ఒకటి, 25 కింద ఒకటి. ఆ కింది మూడూ గొడార్డ్, టెర్మన్ కాలం నాటి మోరాన్, ఇంబెసైల్, ఇడియట్. వైద్యం, చట్టం ఎప్పుడో వదిలేసిన వర్గాలు. 'ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) భావనను ప్రవేశపెట్టినది ఎవరు?' అన్నది ఒక బిట్టు, జవాబు స్టెర్న్. ఎందుకు ప్రవేశపెట్టాడు, దాన్ని ఎవరెవరి మీద వాడారు, బినే ఏం వద్దన్నాడు అన్నవి బిట్లు కావు గనక ఎవరూ చదవరు. ఆ పట్టికను తలలో పెట్టుకుని తరగతిలోకి వెళ్లే టీచరు, పాఠం అందుకోలేని పిల్లవాణ్ని చూడగానే ఏ గడిలో పెట్టాలా అని ఆలోచిస్తే తప్పు టీచరుది కాదు. ఇయాన్ హ్యాకింగ్ అనే తత్త్వవేత్త చెప్పినట్టు, మనుషులకు పెట్టిన వర్గం మనుషుల్ని మారుస్తుంది. మొద్దు అన్న పేరు పడ్డ పిల్లవాడు కొన్నాళ్లకు చెయ్యెత్తడం మానేస్తాడు. చెయ్యెత్తని పిల్లవాణ్ని ఎవరూ అడగరు. అడగనివాడు నేర్చుకోడు. పేరు నిజమైపోతుంది.

తెలివిని ఇలాగే చూడాలన్న రూలేమీ లేదు. పదిహేడో శతాబ్దంలో మన ఆంధ్రదేశపు అన్నంభట్టు పిల్లలకు సులువుగా అర్థమవ్వాలని రాసిన తర్కసంగ్రహంలో బుద్ధి అంటే జ్ఞానమే. అన్ని వ్యవహారాలకూ కారణమైనది. అది స్మృతి, అనుభవం అని రెండు. అక్కడ బుద్ధి జరిగే పని. ఒకరి దగ్గర వంద, ఇంకొకరి దగ్గర అరవై అని నిలవ ఉండే సరుకు ఆ లెక్కలో లేదు. మన పూర్వులకు అన్నీ తెలుసని చెప్పడానికి దీన్ని ఎత్తడం లేదు. మందమతి అని తిట్టడం వాళ్లకూ తెలుసు, బడి గడప తొక్కనివ్వకుండా కులాలకు కులాల్ని బయట నిలబెట్టడమూ తెలుసు. మనసును వేరే చోట్ల కూడా విడదీసి చూడవచ్చన్నంత వరకే నా మాట.

అయితే అంకె తీసేద్దామా? ఈ ప్రశ్న నన్ను చాలామంది సహోద్యోగులు అడిగారు. వద్దంటాను. పింఛనుకు ఏదో ఒక గీత కావాలి. గీత లేకపోతే ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్ల పిల్లలకే సర్టిఫికెట్లు వస్తాయి. 1904లో టీచర్ల ఇష్టారాజ్యం గురించి బినే భయపడింది కూడా ఇదే. కాకపోతే పింఛను గీతను పింఛను గీతగానే ఉంచాలి. అది పిల్లవాడి గురించిన శాస్త్రీయ సత్యంలా బడి దాకా, పెళ్లి సంబంధం దాకా వెంట రాకూడదు.

నేర్పడానికి కావలసిన కొలత వేరే ఉంది, అది మన ఊళ్లోనే తయారైంది. బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో 1984లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన జాతీయ సంస్థ, ఇప్పుడు పేరు మారినా అందరూ ఎన్ఐఎంహెచ్ అనే పిలుస్తారు, స్పెషల్ టీచర్ల కోసం ఎఫ్ఏసీపీ అనే చెక్‌లిస్టు తయారుచేసింది. వ్యక్తిగత, సామాజిక, చదువు, పని, వినోదం అని విభాగాలు. ఒక్కో పనికి ఎదురుగా మేం రాసేది పిల్లవాడి స్థాయిని కాదు, అతనికి ఎంత సాయం అందితే ఆ పని అవుతుందో: తనంతట తాను చేస్తాడు, మాటతో చెబితే చేస్తాడు, చెయ్యి పట్టుకుని చేయిస్తే చేస్తాడు. ఇక్కడ కొలుస్తున్నది సాయాన్ని. మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తే 'చెయ్యి పట్టుకుని' ఉన్నచోట 'మాటతో' వస్తే ఎక్కడ కదిలిందో, రేపేం చెయ్యాలో టీచరుకు తెలుస్తుంది. సెగ్విన్ చేసిందీ, బినే కోరుకుందీ ఇదే. ప్రపంచంలో ఎక్కడి విశ్వవిద్యాలయానికీ తీసిపోని ఆలోచన ఇందులో ఉందని నా నమ్మకం. ఇది స్పెషల్ స్కూళ్లు దాటి మామూలు సర్కారు బడికి చేరలేదు. ఒక్క అంకె ఫారంలో ఒక గడిలో పడుతుంది, ఈ చెక్‌లిస్టుకు పేజీలు కావాలి, నింపడానికి రోజులు కావాలి. సమయం ఖరీదు గనక అంకె గెలుస్తోంది.

అందుకే నేను అడిగేవి చాలా చిన్నవి. రిపోర్టులో ఐక్యూ రాసినచోటే ఏ పరీక్ష, దాని ప్రమాణాలు ఏ సంవత్సరానివి, ఏ భాషలో అడిగారు, ఎంత హెచ్చుతగ్గులకు అవకాశముంది అన్నవి తెలుగులో రాయాలి. తల్లిదండ్రులు వీటిని అడగొచ్చు, అడిగే హక్కు ఉంది, అడిగితే చెప్పడం మా బాధ్యత. నేను కూర్చున్న సెంటర్‌లో మా సైకాలజిస్టు ఈమధ్య రాస్తున్నారు, ఒక్క పేరా ఎక్కువవుతుంది అంతే. ఆరేళ్లప్పుడు వచ్చిన అంకెను పదహారేళ్లప్పుడు పట్టుకుని మాట్లాడకూడదు, మళ్లీ చూడాలి. మామూలు బడిలో చేర్చుకోవడానికో, సెక్షన్లు విడగొట్టడానికో ఐక్యూ రిపోర్టు అడిగే యాజమాన్యాలకు ఇవ్వనవసరం లేదు. ఇక టెట్ సిలబస్ రాసేవాళ్లకు: ఆ పట్టిక తీసెయ్యండి. ఆ పేజీలో బినే 1909లో ఏమన్నాడో పెట్టండి, కేరీ బక్ కేసు పెట్టండి, ఎఫ్ఏసీపీలోంచి ఒక పేజీ పెట్టండి. వాటి మీద బిట్లు ఇవ్వాలంటే ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. బట్టీ పట్టినా సరే, ఆ పేజీ చదివిన టీచరు తరగతిలోకి వెళ్లాలి.